తొక్కండి అల్లుడుగారూ

మొన్న శుక్రవారం ఆఫీసులో, పదకొండో అంతస్తు అద్దాల గదిలో కూర్చుని ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతుకుతుంటే మా తోడల్లుడు ఫోన్ చేశాడు. తప్పులు వెతకడమే నా ఉద్యోగం. మా ఆవిడ లెక్కలో అది ఉద్యోగం కాదు, నా స్వభావం. తోడల్లుడంటే ఆవిడ చెల్లెలి భర్త. "అన్నా, మామ కారుకు బ్రేక్ పైపులు పగుళ్ళిచ్చినయ్. అత్తమ్మను దవాఖానకు గా కార్లనే తీస్కపోవాలె, ఇంకోటి ఎక్కనంటది. పైపులన్నీ మారుస్తున్న. ఆదివారం నార్సింగికి వస్తవా? పెడల్ తొక్కేటోళ్ళు లేరు" అన్నాడు. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం, మామగారు పోయి ఏడాది దాటినా, నేను రోజూ బీపీ మాత్ర మింగే వయసుకొచ్చినా, సిగ్గు లేకుండా పాత కుళ్ళు మళ్ళీ లేచి కూర్చుంది.

మా మామగారు కాకినాడ వైపు నుంచి వచ్చినవారు. ఒక ప్రభుత్వ శాఖ వర్క్‌షాపులో జీపులూ వ్యాన్లూ బాగుచేసి, ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. నార్సింగిలో ఇల్లు కట్టుకున్న కొత్తలో చుట్టూ రాళ్ళగుట్టలు, సీతాఫలం పొదలు. ఇప్పుడు అదే వాకిట్లో నిలబడి పైకి చూస్తే కోకాపేట మేడల కోసం మెడ వెనక్కి విరుచుకోవాలి. ఆ వాకిట్లో తెల్లరంగు పాత కారు ఒకటి, దాని కిందనుంచి బయటికి వచ్చిన మామగారి రెండు కాళ్ళు. ఆదివారం వెళ్తే ముందు దర్శనమిచ్చేవి ఆ కాళ్ళే. మడమల పగుళ్ళలో గ్రీజు ఎప్పుడూ నల్లగా ఉండేది. పెళ్ళిళ్ళకి పట్టుపంచె కట్టినా అది మాత్రం పోయేది కాదు.

నా గొంతు వినబడగానే ఆ కాళ్ళు గబగబా కదిలేవి. బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, "దయచేయండి అల్లుడుగారూ" అనేవారు. కుర్చీ తెప్పించేవారు. తెచ్చిన కుర్చీని భుజం మీది తువ్వాలుతో స్వయంగా తుడిచేవారు. "మీరు కూర్చోండి. మీకెందుకండీ ఈ మురికి?" నేను ప్రారంభోత్సవానికొచ్చిన పెద్దమనిషిలా కూర్చుని, సాసరుతో వచ్చిన కాఫీ తాగి, ఎండ ఎలా ఉందో, ఔటర్ రింగురోడ్డు మీద రద్దీ ఎలా ఉందో చెప్పేవాణ్ణి. ఆయన నిలబడే వినేవారు. మొదటి ఏడాది నాకు ఎంత గర్వంగా ఉండేదో! మా ఇంట్లో మా నాన్నకి కూడా అంత మర్యాద జరగదు. రెండో ఏడాది తోడల్లుడు రాకపోయుంటే ఆ గర్వం అలాగే ఉండిపోయేదేమో.

అతను మెదక్ వైపు క్రైస్తవుల అబ్బాయి. మా మరదలి ఆఫీసే అతని ఆఫీసు. ఇద్దరూ చెప్పకుండా పెళ్ళి చేసుకున్నారు. మామగారు నాలుగు నెలలు కూతురితో మాట్లాడలేదు. ఒక ఆదివారం చర్చి నుంచి ఇతను ఒక్కడే, ఇస్త్రీ చొక్కాతో, క్షమాపణ అడగడానికి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. కుర్చీలో నేనున్నాను. ఇదేదో రసవత్తరంగా ఉండబోతోందని కాఫీ పక్కన పెట్టాను కూడా. కారు కిందనుంచి మామగారు చూశారు, బూట్లు కనిపించాయి. చివరికి చెయ్యి ఒకటి బయటికొచ్చింది. "ఒరేయ్, ఆ పానా ఇటివ్వు" అన్నారు. అతను ఇచ్చాడు. సాయంత్రానికి ఇస్త్రీ చొక్కా పొయ్యి దగ్గరి మసిగుడ్డలా తయారైంది.

ఆ రోజునుంచి అతను 'ఒరేయ్', నేను 'అండీ'. కొన్నాళ్ళకి ఆ ఇంటి మేడమీదే కాపురం పెట్టారు. అతను వంటింట్లోకి వెళ్ళి గోడకానుకుని గిన్నెలో పులిహోర గిన్నెలోనే తినేసేవాడు. నాకు అరిటాకు, దాని చుట్టూ నీళ్ళు చల్లడం, పక్కన విసనకర్ర. ఇద్దరూ కారు కింద పక్కపక్కన పడుకుని ఏవో చెప్పుకుని నవ్వేవారు. ఏం చెప్పుకుంటున్నారో వినబడేది కాదు. "నీ చేతులున్నాయే, వాటితో చెక్కభజన తప్ప ఏమీ చేయలేవురా" అని ఆయన తిడుతుంటే నా చేతిలో కాఫీ చల్లారిపోయేది. ఆ తిట్టు నాకెందుకు రాదు? "మీకు కుళ్ళు" అనేది మా ఆవిడ, తెల్లాపూర్‌లో మా ఇంటికి తిరిగి వెళ్తున్నప్పుడు. "మా నాన్నగారు మిమ్మల్ని నెత్తిన పెట్టుకుంటుంటే దిగి కింద కూర్చుంటానంటారేం?" నిజమే, కుళ్ళే. ఒక మనిషి నన్ను నువ్వు అనలేదని కుళ్ళిపోయినవాణ్ణి ఈ ప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

పెళ్ళయిన పన్నెండో ఏట అనుకుంటాను, ఆ కారుకు బ్రేక్ పైపులు మార్చాల్సి వచ్చింది. చక్రాల దగ్గరుండే ఆ రబ్బరు పైపులు ముసలివై, పట్టుకుని వంచితే సన్నగా నెర్రెలిచ్చేవి. మార్చడం ఒక్కరి పని. మార్చాక లోపల చేరిన గాలి తీయడానికి మాత్రం ఇద్దరుండాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకుంటే, రెండోవారు కింద చిన్న మూత వదులు చేస్తారు. బుడగలతో ఆయిలు బయటికొస్తుంది. మూత బిగించేదాకా పైవాడు కాలు తీయకూడదు, తీస్తే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. తోడల్లుడు ఆఫీసు పనిమీద బెంగళూరు వెళ్ళాడు. మామగారు కాసేపు నసిగి, "మిమ్మల్ని అడక్కూడదు గానీ, కాస్త బ్రేకు తొక్కి పెడతారా అల్లుడుగారూ?" అన్నారు. ఆయన మాట పూర్తికాకుండానే నేను సీట్లో ఉన్నాను.

"తొక్కండి... పట్టుకోండి... ఆఁ, వదలండి." మూడు చక్రాలు దివ్యంగా అయ్యాయి. నాలుగోదానికి గేటు చప్పుడైంది. అనుకున్నదానికంటే ముందే తోడల్లుడు సంచీతో దిగాడు, "మామా, నేనొచ్చిన!" అంటూ. వంటింట్లోంచి అత్తగారు పరుగున వచ్చి, "వచ్చావురా! చిక్కిపోయావేంరా?" అంది. చిక్కిందెక్కడ, రెండే రోజులు! నేను తల తిప్పి చూశాను. ఆ చూడ్డంలో కాలు లేచిపోయింది.

"ఒరేయ్ వెధవా! వదలొద్దన్నానా? కళ్ళెక్కడ పెట్టుకున్నావురా?"

అబ్బ! నా ఒళ్ళు జలదరించింది. పన్నెండేళ్ళకి! నవ్వు ఆపుకోలేక, "తప్పయిపోయింది మామయ్యా" అనబోతున్నాను, ఇంతలో ఆయన దోగాడుతూ బయటికొచ్చారు. గడ్డం మీంచి ఆయిలు కారుతోంది. సీట్లో నన్ను చూశారు, గేటు దగ్గర అతన్ని చూశారు. ముఖం పాలిపోయింది. రెండు చేతులూ జోడించి, "క్షమించండి అల్లుడుగారూ. వాడి గొంతు వినబడింది. వాడే కూర్చున్నాడనుకున్నాను" అన్నారు. అదీ సంగతి. ఆ తిట్టు కూడా నాది కాదు. మిగతా పనికి తోడల్లుడు సీట్లో కూర్చున్నాడు. నాకు కుర్చీ వచ్చింది, తుడిచిన కుర్చీ, దానితో పాటు సాసరులో రెండు బిస్కెట్లు.

మొన్న ఆదివారం వెళ్ళేసరికి వాకిట్లో మళ్ళీ రెండు కాళ్ళు. గేటు దగ్గరే ఆగి చూశాను. తోడల్లుడివి. పైపులు మార్చడం అయిపోయింది, పాతవి చచ్చిన జెర్రుల్లా నేలమీద పడున్నాయి. నేను సీట్లో కూర్చున్నాను. "తొక్కు అన్నా... పట్టు... ఇగ వదులు." చివరి చక్రం దగ్గరికొచ్చేసరికి ఉండబట్టలేక అనేశాను. "నీకేమయ్యా, అదృష్టవంతుడివి. మామగారి చేత 'ఒరేయ్' అనిపించుకున్నావు. నన్ను చివరిదాకా పరాయివాణ్ణి చేసి కూర్చోబెట్టారు."

కిందనుంచి నవ్వులాంటిది వచ్చింది. "ఏందన్నా, నువ్వు గట్ల అనుకున్నవా? నేను నిన్ను జూసి ఎంత ఏడ్చిన్నో నీకెర్కనా? ఫస్ట్ రోజు నన్ను 'ఒరేయ్' అన్నది ప్రేమతోని కాదు. అల్లుడని ఒప్పుకోలే గనక అన్నడు. తర్వాత ప్రేమొచ్చింది, నేను కాదనను. గని నోరు గట్లనే అలవాటు పడ్డది. మా నాయన ఒక్కసారొచ్చిండు ఈ ఇంటికి. ఆయన ముంగట మామ నన్ను 'ఒరేయ్, మంచినీళ్ళు తే' అన్నడు. గప్పుడే నువ్వొచ్చినవ్. లేచి కుర్చీ తుడిచి నీకేసిండు. మా నాయన మొఖం దిక్కు నేను జూడలే అన్నా. గా దినం ఒక్కసారి నాకు 'అండి' అంటే ఏం పోయేది?"

ఆ రోజు నాకు గుర్తుంది. కుర్చీ గుర్తుంది, వాళ్ళ నాన్నగారి ముఖం గుర్తులేదు. అటు చూడనే లేదు. పెడల్ తొక్కాను. కొత్త పైపులు కదా, కాలి కింద గట్టిగా, రాయిలా తగిలింది.

"పట్టుకున్నానండీ" అన్నాను. "మీరు చెప్పేదాకా తియ్యనండీ."

కింద పానా చప్పుడు ఆగిపోయింది. అతని పాదాలు కదలకుండా ఉన్నాయి, మడమల్లో నల్లగా గ్రీజు. అచ్చం మామగారి కాకినాడ యాసలో, "వదలకురా వెధవా" అన్నాడు.

నేను వదల్లేదు. అతను మూత బిగించేసి, "అయిపోయింది, ఇగ తియ్యి అన్నా" అని రెండుసార్లు చెప్పాక కూడా అలాగే తొక్కి పట్టుకుని, కళ్ళు తుడుచుకున్నాను. ఆ 'ఒరేయ్', ఆ 'అండీ' రెండూ ఇరవై ఏళ్ళు ఆ వాకిట్లోనే తిరిగాయి. అతనిది నాకూ నాది అతనికీ అందేసరికి, వాటిని అన్న మనిషి లేకుండా పోయారు.