రియాద్‌లో వేంగి పసిరాజు

రియాద్‌లో మా తెలుగువాళ్ళం ఉగాదికి నాటకం వెయ్యాలనుకున్న ఏడాదే కుటుంబాల మీద లెవీ మొదలైంది. భార్యకింత, పిల్లలకింత అని కడితేనే ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే పర్మిట్, రెన్యూ అవుతుంది. అంతకుముందే నితాకత్ పేరుతో మన ఉద్యోగాలు ఒక్కొక్కటీ సౌదీల చేతికి పోతున్నాయి. మా బిల్డింగులో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు అట్టపెట్టెలు కట్టుకుంటూ కనిపించేవారు. అయినా నాటకం వేసి తీరాలని పట్టుబట్టాం. బహుశా అందుకే పట్టుబట్టామేమో.

రాయడం నా వంతుకొచ్చింది. నేను ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో క్వాలిటీ ఇంజనీరుని. కాలేజీ రోజుల్లో శాసనాల పిచ్చి ఉండేది. అప్పటి నుంచీ నన్ను వదలని కథ ఒకటుంది, వేంగి చాళుక్యుల పసిరాజుది.

తండ్రి పోయేనాటికి వాడికి లోకం తెలియదు. ఆ వంశంలో రాజ్యమివ్వడమంటే మెడలో కంఠిక వెయ్యడం. పెద్దలు ఆ హారం పిల్లవాడి మెడలో వేసి రాజువన్నారు. పక్షం రోజులు గడిచాయి. ముత్తాత వరసయ్యే దాయాది ఒకడు వచ్చి పిల్లవాణ్ణి బంధించి తాను గద్దెనెక్కాడు. నెలకే అతన్ని ఇంకో దాయాది చంపేశాడు. రాగిరేకుల్లో ఆ వంశపు రాజులందరినీ వరసగా చెప్పేచోట పిల్లవాడికి దక్కినది ఒక్క ముక్క: పసివాణ్ణి తొలగించారని. ఏ గదిలో పెట్టారో, అన్నం ఎవరు తినిపించారో, అమ్మ కోసం ఏడ్చాడో లేదో ఎక్కడా లేదు. తన సంతతి వాళ్ళమని తరవాత కొందరు చెప్పుకున్నారు కాబట్టి బతికే ఉంటాడు. పెరిగి పెద్దయి ఎలా ఉన్నాడో, ఆ పక్షం రోజులు వాడికి గుర్తున్నాయో లేదో నాకిప్పటికీ ఊహకందదు.

శుక్రవారం మధ్యాహ్నాలు, మా బిల్డింగులోనే ఖాళీ అయిన ఓ ఫ్లాట్‌లో రిహార్సల్స్ చేసుకునేవాళ్ళం. బీరువాలు తీసేసిన చోట గోడ తెల్లగా మెరిసేది. మాట్లాడితే మాట లోపలి గదుల్లోకి వెళ్ళి, కాస్త ఆలస్యంగా తిరిగొచ్చేది. కంఠిక కోసం బత్తా బజారులో ఒక గిల్టు హారం కొన్నాం.

మొదట రాజు వేషం ఎదురు ఫ్లాట్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కూతురిది. మాటలన్నీ కంఠతా వచ్చేసరికి వాళ్ళు ఇండియాకి టికెట్లు కొనుక్కున్నారు. తరవాత ఒక నర్సమ్మ ఒప్పుకుంది. కాకినాడ మనిషి, పొట్టిగా సన్నగా ఉండేది, గొంతు కూడా లేతగా ఉండేది.

"అన్నయ్యా, ఈ పిల్లాడు చివరికి ఏమయ్యాడు?" అని అడిగింది.

"శాసనంలో లేదమ్మా."

"అది తెలియకపోతే నేను స్టేజీ మీంచి ఎలా నడిచి వెళ్ళాలి?"

ఆ రోజు భటులు తీసుకుపోయే ఘట్టంలో ఆమె లోపలి గదిలోకి వెళ్ళి ఎంతకీ రాలేదు. వెళ్ళి చూస్తే గోడకేసి తిరిగి నిలబడి ఉంది.

"ఎవరో చెయ్యి పట్టుకుంటే వచ్చాను. మీరు కాదా?" అంది.

భటుల వేషగాళ్ళు ముందు గదిలోనే నిలబడి ఉన్నారు. ఆమె నవ్వేసింది, మేమూ నవ్వాం. కానీ తలుపు దగ్గర చెప్పులు తొడుక్కుంటూ అరచేతిని చీర కొంగుకి పదేపదే తుడుచుకుంది. ఆ తరవాత కొద్ది రోజులకే ఆసుపత్రివాళ్ళు ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు.

ఆ దండ వేసుకున్నవాళ్ళు వెళ్ళిపోతున్నారన్న మాట బయల్దేరింది. అందరూ వెళ్ళిపోతున్న ఊళ్ళో అదేం వింతని నేను వాదించాను. ఎవరూ ముందుకు రాకపోతే నేనే వేస్తానన్నాను.

"మీరే వేసుకోవాలా?" అంది మా ఆవిడ.

"ఇంకెవరున్నారు చెప్పు?"

ఆమె నా మీసం తీసేసిన మొహం కేసి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ముసలి దాయాది వేషం మా కంపెనీ ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌ది. జగిత్యాల మనిషి, నాకు మంచి స్నేహితుడు. నలభై ఏళ్ళ నన్ను పసివాడిగా చూసి నవ్వు ఆపుకోలేకపోయేవాడు.

ఊరి బయట అద్దెకు తీసుకున్న ఇస్తిరాహా అనే విడిదిలో, ప్రహరీ లోపలి పచ్చిక మీద నాటకం వేశాం. ముందు వరస కుర్చీలు సగం ఖాళీ. నా చేతులు వెనక్కి విరిచి తాడుతో నిజంగానే కట్టారు. ఫోర్‌మన్ తెల్లగడ్డంతో వచ్చి నా మెడలో కంఠిక పట్టుకున్నాడు. లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. గొలుసు నా మెడ వెనక కోసుకుంటోంది. అతను నా చెవి దగ్గర వంగి, గడ్డం కదలకుండా అన్నాడు.

"ఇడువు అన్నా."

"నేనేం పట్టుకోలేదు."

"చిన్న చేతులున్నయే... గట్టిగ పట్టుకున్నయ్."

అతని కళ్ళు నన్ను చూడటం లేదు, నా గుండెల మీద హారాన్ని చూస్తున్నాయి. చప్పట్లు మొదలయ్యాయి, జనం అదంతా నటన అనుకున్నారు. అప్పుడు దండ దానంతటదే వదులైనట్టు అతని చేతిలోకి వచ్చింది. అతను దాన్ని మెడలో వేసుకోవాలి. వేసుకున్నాడు. ఆ తరవాతి మాటలన్నీ తడబడ్డాడు.

వెళ్ళిపోయేది నేనేనని మా ఆవిడ సూట్‌కేసులు దించి దులిపి పెట్టింది. కంపెనీలో నన్నెవరూ ఏమీ అనలేదు. నెల తిరగకుండా ఫోర్‌మన్‌కి ఫైనల్ ఎగ్జిట్ వేశారు, ఇక దేశం వదిలి వెళ్ళిపోవడమే. అతని స్థానంలో ఒక సౌదీ కుర్రాణ్ణి తీసుకున్నారు. మర్యాదస్థుడే, పని నేర్చుకోవడానికి అతని వెంటే తిరిగాడు.

ఎయిర్‌పోర్టుకి నా కారులోనే తీసుకెళ్ళాను. దారిపొడుగునా ఇంటి సంగతులే మాట్లాడాడు. దిగాక ట్రాలీ మీద చెయ్యేసి ఆగాడు.

"అన్నా, అయ్యాల నీ చేతులు కట్టే ఉన్నయి కదా?"

"కట్టే ఉన్నాయి."

"మంచిది. పిల్లగాడు ఏడుస్తలేకుండె. గంతే యాదికున్నది నాకు."

అతను లోపలికి వెళ్ళిపోయాడు. ఆ వేసవిలో మా ఆవిణ్ణీ పాపనీ ఇంటికి పంపి నేను ఒంటిగది చూసుకున్నాను. అతను జగిత్యాలలో మోటార్ల రిపేరు షాపు పెట్టుకున్నాడు. ఫోన్లో వానల గురించీ పిల్లల చదువుల గురించీ మాట్లాడుకుంటాం. ఎప్పుడైనా మాట మధ్యలో ఇద్దరం ఒక్కసారే ఆగిపోతాం. కాసేపటికి అతనే "ఇగ చెప్పు అన్నా" అంటాడు.