పాలు కారని ఆకు

ఆకు చూసి చెట్టు పేరు చెప్పడంలో శంషాబాద్ చుట్టుపక్కల నాకు పోటీ లేదు. ఏళ్ల తరబడి జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినవాడి పొగరనుకోండి, ఏమైనా అనుకోండి. ఎయిర్‌పోర్ట్ రోడ్డు పక్కన పెంచిన పొదల్లో ఏది ఏదో బస్సు కిటికీలోంచే చెబుతాను. ఎవరూ అడగకపోయినా చెబుతాను. మా ఆవిడ ఆ దారిలో నా పక్క సీట్లో కూర్చోవడం మానేసింది.

సమాధుల పండుగ ఇంకా పది రోజులుందనగా, ఒకప్పుడు నా క్లాసులో చివరి బెంచీలో కూర్చున్న అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు అమ్మాయి కాదు, ఇద్దరు పిల్లల తల్లి. మైలార్‌దేవ్‌పల్లిలో ఉంటూ ఎయిర్‌పోర్ట్‌లో హౌస్‌కీపింగ్ పని చేస్తోంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సార్, మా బాపు సమాధి ఏదో నాకే తెలుస్తలేదు" అంది.

తండ్రి పోయినప్పుడు పెట్టిన కర్ర శిలువను చెదలు తినేశాయట. సమాధి తలాపున తానే నాటిన పూలపొద మాత్రం బాగా పెరిగింది. ఏటా పండుగకు ఆ పొదను గుర్తుపట్టి సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగించేది. వరుసలు ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు, పొద ఉండగా లెక్కలెందుకు అనుకుంది. మూడేళ్లుగా పండుగ రోజే డ్యూటీ పడి రాలేకపోయింది. ఈలోగా శ్మశానంలో దారి మార్చి, కొత్తగా గోడ కట్టి, పొదలన్నిటినీ మోకాలి ఎత్తుకు నరికేశారు. పండుగ కాగానే రాయి గానీ శిలువ గానీ లేని సమాధులను చదును చేసి కొత్తవాళ్లకు ఇస్తామని చర్చి పెద్దలు చెప్పారు. తండ్రి పేరు చెక్కించిన రాయి సిద్ధంగా ఉంది. దాన్ని ఎక్కడ పాతాలో తెలియదు.

పువ్వు ఎలా ఉండేదని అడిగాను. తెల్లగా, ముద్దగా ఉండేదట. మర్నాటికి పసుపు రంగుకు తిరిగేదట. వాసన గేటు దాకా వచ్చేదట. గంధరాజం, ఇంకేం కాదు అన్నాను. మొక్క పేరు తెలియకుండానే ఇన్నేళ్లు దాని ముందు మోకరించావా అని ఆటపట్టించాను కూడా. ఆమె నవ్వలేదు.

మర్నాడు ఉదయం శ్మశానానికి వెళ్లాం. గుర్తుల్లేని సమాధుల మీద ఐదు పొదలు చిగురించి ఉన్నాయి. అన్నిటివీ అరచేతంత ఆకులు, నిగనిగలాడే ముదురాకుపచ్చ. పువ్వు ఒక్కటీ లేదు. ముద్ద నందివర్ధనం, గంధరాజం పువ్వు లేకపోతే అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. నాకు మాత్రం బెంగ లేదు. నందివర్ధనం ఆకు తుంచితే పాలు కారతాయి, గంధరాజానికి కారవు. అంతే పరీక్ష.

మొదటి పొద ఆకు తుంచాను, పాలు. రెండోదీ అంతే. మూడోదాని తొడిమ పొడిగా ఉంది. మరో ఆకు తుంచి చూసి, ఇదేనమ్మా మీ నాన్న అన్నాను. ఆమె అక్కడే కూలబడి, కొంగుతో మట్టిని తుడుస్తూ ఏడ్చింది. చూడలేక గేటు వైపు నడిచాను. నా ఛాతీ మాత్రం రెండంగుళాలు ఉబ్బింది.

దారిలో మిగతా రెండు పొదలున్నాయి. అలవాటు చొప్పున ఒక దాని ఆకు తుంచాను, పాలు కారాయి. గోడ పక్కన ఉన్న చివరిదాని ఆకు తుంచాను, కారలేదు. ఇంకోటి తుంచాను. అదీ పొడే.

అన్ని నమూనాలూ చూడకుండా జవాబు రాయొద్దని ఎన్నేళ్లు పిల్లలను తిట్టానో. నేనేమో నాకు కావలసింది దొరకగానే ఆగిపోయాను. నోరు మూసుకుంటే ఆమెకు మనశ్శాంతి, నాకు మర్యాద. నిజం చెప్పాలంటే, కాసేపు నోరు మూసుకుందామనే అనుకున్నాను. సిగ్గేసింది. వెనక్కి వెళ్లి రెండు ఆకులూ ఆమె చేతిలో పెట్టి చెప్పాను.

వేరే ఉపాయం ఏమీ లేదా అని అడిగింది. పూసినా రెంటికీ ఒకటే పువ్వు. "నాకు తెలియదమ్మా" అన్నాను. ఆ మాట నా నోట చాలా అరుదుగా వస్తుంది.

చాలాసేపు రెండు పొదల మధ్య తిరిగింది. "ఇంకో రాయి గూడ చేయిస్త సార్, పేరు లేకుండ. ఒకదాన్ని చదును చేస్తే, పోయింది మా బాపేనేమో అని బతికినన్ని దినాలు అనుకుంట" అంది.

పండుగ సాయంత్రం నేనూ వెళ్లాను. రెండు సమాధులకూ సున్నం తళతళలాడుతోంది. పేరున్న రాయిని నేను మొదట చూపించిన చోటే పాతించింది. కొవ్వొత్తులు తీసుకుని మాత్రం ముందు గోడ పక్కకు, పేరు లేని రాయి దగ్గరికి వెళ్లింది. ఎందుకలా అని అడిగాను.

"పేరున్న కాడ ఉంటే, ఆ పేరు చూసుకుంట మా బాపు జర ఆగుతడు సార్" అంది, గాలికి చెయ్యి అడ్డం పెట్టి వెలిగిస్తూ. "ఈడ ఉంటే మాత్రం, మూడేండ్లకు వచ్చిన బిడ్డ పరాయోళ్లకు ముందు ఎలిగించిందని బాధపడతడు."