గోడ మీద ఎరుపు, నీలం

పన్నెండో ఏట జ్వరం వచ్చి తగ్గాక మా చెల్లికి వినికిడి పోయింది. మాట మాత్రం పోలేదు. ఎదుటివాళ్ల పెదాలు చూసి అర్థం చేసుకుని, కాస్త గట్టిగా జవాబు చెప్పేది. డిగ్రీ అయ్యాక ఇంట్లోనే ఉండి పెళ్లికార్డులు డిజైన్ చేసి ఇచ్చేది. అందుకోసమే కంప్యూటరు కొన్నాం. అనకాపల్లిలో మాది రెండు గదుల ఇల్లు. చోటు లేక, చెప్పుల పెట్టెకన్నా కొంచెం పెద్దదిగా ఉన్న చిన్న సీపీయూ కేబినెట్టు ఏరి తెచ్చాం. ఆటలకు పనికొచ్చే గ్రాఫిక్స్ కార్డు మాత్రం తను పట్టుబట్టి వేయించుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక మా మేనత్త కొడుకు వచ్చేవాడు. తన కంప్యూటర్ని, మోనిటర్ని రెండు విడతలుగా బండిమీద మోసుకొచ్చేవాడు. రెండు కంప్యూటర్లనీ వైరుతో కలిపి వాళ్లిద్దరూ తుపాకుల ఆట ఆడేవారు. నేను అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పనిచేసేవాణ్ని. సెలవైతే మంచం మీద కూర్చుని చూసేవాణ్ని. చెల్లి గురి బావ గురికన్నా మంచిది. అయినా ఓడిపోయేది. అడుగుల చప్పుడు తనకి వినపడదు కదా, బావ పక్కనుంచి వచ్చి కాల్చేసేవాడు.

ఒకరోజు బావ హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాడు.

"నేనూ సౌండు లేకుండా ఆడతాను. అప్పుడు సమానం కదా," అన్నాడు.

చెల్లి ముఖం చిన్నబోయింది. "నాకోసం నువ్వు తగ్గక్కర్లేదు బావా. నువ్వెటునుంచి వత్తన్నావో నాకు తెలిసే దారేదైనా ఉంటే సూడండి," అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఆ వారంలోనే ఒక సాయంత్రం కంపెనీ బస్సు దిగి నడుస్తుంటే, రోడ్డు పక్కన ఒక ఆటో ఆగి ఉంది. లోపల పాట మోగుతోంది. సీటు వెనక చిన్న లైట్లు దరువుకు తగ్గట్టు వెలిగి ఆరుతున్నాయి.

"వీటికి పాట ఎలా తెలుత్తాది?" అని డ్రైవర్ని అడిగాను.

"లోపల సిన్న బోర్డుంటాది సార్. సప్పుడైతే ఎలుగుతాది. ఆటో బేటరీ మీదే నడుత్తాది."

ఆటో బ్యాటరీ ఇచ్చేది పన్నెండు వోల్టులు. కంప్యూటరు లోపలా ఆ కరెంటు దొరుకుతుంది. మర్నాడు ఆటో సామాన్ల కొట్లో రెండు బోర్డులూ, ఎర్ర లైట్ల పట్టీ ఒకటీ, నీలం పట్టీ ఒకటీ కొన్నాను.

మొదటి ప్రయత్నం నవ్వులపాలైంది. బోర్డులు కేబినెట్లో బిగిస్తే, వాటి మీది మైకులకు లోపలి ఫ్యాను హోరే వినపడి, లైట్లు ఆరకుండా వెలిగాయి. మైకులు బయటికి లాగి పెడితే అమ్మ కుక్కరు కూతకి వెలిగాయి.

"ఎవరొచ్చేరు?" అంటూ చెల్లి గబుక్కున మౌసు పట్టుకుంది.

"పప్పు," అన్నాడు బావ.

తరవాతి ఆదివారం మైకులు పీకేశాం. స్పీకర్లకు వెళ్లే వైర్లు కోసి, ఎడమ స్పీకరు తీగను ఎర్ర లైట్ల బోర్డుకి, కుడి స్పీకరు తీగను నీలం బోర్డుకి కలిపాం. సోల్డరింగ్ బావ మొదలుపెట్టాడు కానీ, అతని అతుకులు ఊడిపోతున్నాయని చెల్లి లాక్కుని తనే చేసింది. అంత చిన్న కేబినెట్లో వైర్లన్నీ కుక్కి మూత బిగిస్తే ఫ్యానుకి అడ్డుపడ్డాయి. కాసేపటికే కంప్యూటరు వేడెక్కి ఆగిపోయింది. మళ్లీ విప్పి, వైర్లను అడుగున పరిచి టేపు వేశాం. ఎర్ర పట్టీని కేబినెట్ ఎడమ అంచున, నీలం పట్టీని కుడి అంచున అంటించాం.

ఈసారి లైట్లు సరిగ్గా పనిచేశాయి. చెల్లి మాత్రం ఓడిపోయింది. లైట్లు చూస్తే ఆట కనపడదు, ఆట చూస్తే లైట్లు కనపడవు.

"ఎన్ని కళ్లున్నాయనుకున్నారు నాకు," అని విసుక్కుంది. ఆ వారమంతా కంప్యూటరు డబ్బాను అటూ ఇటూ జరిపి చూసింది. చివరికి దాన్ని మోనిటర్ వెనక, గోడకి దగ్గరగా పెట్టింది. ఎడమవైపు చప్పుడైతే ఆ వైపు గోడ ఎర్రబడేది, కుడివైపైతే నీలమయ్యేది. తల తిప్పకుండానే ఆ రంగు కంటి కొసకి తెలిసేది.

కొన్ని ఆదివారాలు గడిచాయి. ఓ మధ్యాహ్నం ఆటలో బావ మెట్ల చాటునుంచి వస్తున్నాడు. గోడ మీద నీలం మెరిసింది. చెల్లి మౌసుని ఒక్క తిప్పు తిప్పి కాల్చేసింది. బావ కుర్చీలో వెనక్కి వాలి, నవ్వుతూ నా వైపు చూశాడు. చెల్లి మమ్మల్ని పట్టించుకోలేదు. అతను మళ్లీ ఆటలోకి వస్తాడని ఎదురుచూస్తోంది.

తరవాత ఒకరోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి తను ఒక్కతే గోడకేసి చూస్తూ కూర్చుంది. చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్న పాట పెట్టుకుంది.

"పాట ఇలాగుండదన్నియ్యా. నాకు గుర్తుంది కదా," అంది. "దరువొక్కటే కనబడతంది."

ఆ మాటలో బాధ లేదు. నా వైపు తిరిగి, "సన్న గొంతుకి ఇంకో రంగు పెట్టొచ్చేటి?" అని అడిగింది.

నాకు తెలీదన్నాను. తనకీ తెలీదు. అప్పటికే స్క్రూడ్రైవర్ అందుకుని మూత విప్పుతోంది. ఆ వేసవి ముగిసేలోగా మా గోడ మీదకి ఆకుపచ్చ కూడా వచ్చింది.