నాలుగు కార్డులు, ఒక బీరువా తలుపు

కంప్యూటర్ సామాన్ల వీధిలో ఆవిడను అందరూ కార్డులక్క అంటారు. కంప్యూటర్ తెరమీద బొమ్మల్ని పరుగెత్తించే గ్రాఫిక్స్ కార్డుల వ్యాపారంలో తల పండిన మనిషి. ఒకప్పుడు అన్నిటికంటే పెద్ద కార్డుకు నెల జీతం పట్టుకొస్తే సరిపోయేది. కార్డుల తరం మారినప్పుడల్లా ధర పైకెక్కిందే తప్ప దిగిన పాపాన పోలేదు. ఇప్పుడు ఆ డబ్బుతో బండి కొని, పెట్రోలు కూడా పోయించుకోవచ్చు. అంత ఖరీదైన సరుకు అమ్మాలంటే నోట్లో బెల్లం ఉండాలి. మన అక్కకు ఆ విద్య అబ్బలేదు. పైగా, కొనేవాళ్ళ పాత మిషన్ మీద పని ఎలా నడుస్తుందో కళ్ళారా చూస్తేగాని ఎవరికీ పెద్ద కార్డు అమ్మదు.

"కొనేవాళ్ళకు లేని బాధ నీకెందుకే?" అని వ్యాపారంలో తోడున్న తమ్ముడు తల బాదుకునేవాడు.

ఆ ఏడాది, బొమ్మల సినిమాలు తీసే స్టూడియో ఆవిడ నాలుగు కొత్త కార్డులు అడిగింది. తమ్ముడు ఉన్నదంతా ఊడ్చిపెట్టి తెప్పించాడు. అవి అమ్ముడుపోకపోతే వీధివైపు దుకాణం ఖాళీ చేయాల్సిందే. ఆ సంగతి అక్కకూ తెలుసు. అయినా చూడ్డానికి వెళ్ళింది.

స్టూడియోలో మిషన్లన్నీ అందంగా చెక్క బీరువాలో ఉన్నాయి. తెరమీద బొమ్మ నత్తనడక నడుస్తోంది. అక్క బీరువా తలుపులు తెరిచింది. లోపలి వేడి మొహానికి కొట్టింది. కాసేపటికి పాత కార్డులు చల్లబడ్డాయి, తెరమీద బొమ్మ పరుగందుకుంది. స్టూడియో ఆవిడ ఫోన్లో మాట్లాడుతోంది, ఇంకా చూడలేదు.

అక్క చెయ్యి తలుపు మీదే ఉంది. మళ్ళీ మూసేస్తే చాలు, నాలుగూ అమ్ముడుపోతాయి. ఆశ పుట్టలేదని అబద్ధం చెప్పను, ఆవిడా మనిషే. స్టూడియో ఆవిడ ఫోన్ పెట్టేసేదాకా తలుపు మూయకుండా అలాగే నిలబడింది.

"అమ్మా, వీటికి గాలాడట్లేదు, అంతే. తలుపులు పీకించెయ్యండి. కొత్తవి మీకిప్పుడు అక్కర్లేదు."

ఆ కార్డులు నష్టానికి టోకు వ్యాపారికే తిరిగి వెళ్ళాయి. దుకాణం మేడమీది ఇరుకు గదికి మారింది. తమ్ముడు అక్కను తిడుతూనే సామానంతా మోశాడు.

మెట్ల దగ్గర పక్క దుకాణదారు జాలిపడ్డాడు. "మీ అక్కకు బొత్తిగా లోకం తెలీదయ్యా."

తమ్ముడు పెట్టె కింద పెట్టాడు. "మా అక్కను నేను తిట్టుకుంటాను. మధ్యలో నువ్వెవడివి?"