చాందిని గుండె

సిరిసిల్ల లచ్చవ్వకు అందరి మీదా కోపమే. ముందు తన మీద.

పెళ్లి ఊరేగింపుల్లో పెళ్లికొడుకును మోసే ఆమె ఆడగుర్రం చాందిని, డీజే ముందు ఎగురుతూ ఎగురుతూ ముందుకాళ్ల మీద కూలబడింది. పెళ్లి మంది దిష్టి తగిలిందనుకుని లచ్చవ్వ దాని మెడకు నల్లదారం కట్టింది, నిమ్మకాయలు తిప్పి పడేసింది. అట్లా నెల పోయింది. నాలుగడుగులకే రొప్పుతుంటే అప్పుడు ట్రాలీ మాట్లాడుకుని కోరుట్లకు, పశువుల డాక్టర్ కల్పన దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ గుర్రం ఎడమ ముందుకాలి వెనక అరచేయంత మేర వెంట్రుకలు గొరిగి, జెల్లీ రాసి, స్కానింగ్ మిషన్ ఆనించింది. తెర మీద గుండె కనబడింది.

"గిదిగో అవ్వా, గీ వాల్వు సక్కగ మూస్కుంటలేదు. పోయిన రక్తం మల్ల ఎనక్కే అస్తుంది. ఇగ దీని మీద మనిషిని ఎక్కియ్యద్దు. ఎగిరిస్తే పానం పోతది."

లచ్చవ్వ తెర వంకే చూస్తూ అంది: "మా ఆయిన మగ్గం కాడ గిట్లనే రొప్పేటోడు. గ్యాస్ గోలీలిచ్చి పంపిండ్రు. గిట్ల టీవీ పెట్టి ఒక్కలన్న సూడలే."

గుర్రానికి స్కానింగ్ దొరికినందుకు కాదు కోపం. ముప్పై ఏళ్లు మరమగ్గం నడిపి, దాని పక్కనే కూలిపోయిన మనిషికి ఎందుకు దొరకలేదో ఇప్పటికీ ఆమెకు ఎవరూ జవాబు చెప్పలేదు.

మరునాడు జగిత్యాల వెళ్లింది. కొడుకు పెళ్లికి చాందినిని మాట్లాడుకున్న జలపతి రావుకు స్కానింగ్ కాగితం చూపించింది. ఆయన దాన్ని ముట్టలేదు.

"గుర్రానికి గుండెజబ్బేందే? ఓ సూదేపిచ్చి తోల్కరా. గంటసేపే గద ఎగిరేది."

"మీకు స్టెంటు ఏసినంక మెట్లు గూడ ఎక్కద్దన్నరట గద దొరా. మీరు సూదేపిచ్చుకుని డీజే ముంగట ఓ గంట ఎగురుండ్రి. గప్పుడు తోల్కస్త."

వాకిట్లో కుర్చీలు దించుతున్న కూలీలు ఆగిపోయారు.

"నోరు లేస్తుందే. గీ సుట్టుపక్కల నీ గుర్రాన్ని ఎవడు పిలుస్తడో సూస్త," అన్నాడు రావు.

అన్నంత పనీ చేశాడు. లచ్చవ్వ ఇప్పుడు బీడీలు చుడుతోంది. చాందిని పక్కన గడ్డి మేస్తుంది. డాక్టరమ్మ గొరిగిన చోట వెంట్రుకలు మొలిచిన కొద్దీ, లచ్చవ్వ బీడీ ఆకు కత్తిరించే కత్తెరతోనే మళ్లీ కత్తిరిస్తుంది.

మొన్న, రావు మాట చెవిన పడని ఒకాయన వెల్గటూర్ నుంచి వచ్చాడు. "గుర్రం నిగనిగలాడుతుంది గదవ్వా, పెండ్లికి పంపరాదు?"

లచ్చవ్వ లేచి, ఆయన చేయి పట్టుకుని ఆ బోడి చర్మం మీద పెట్టింది.

"సెయ్యి తియ్యకు. గది ఎట్ల కొట్టుకుంటుందో సూడు. సూసినంక మల్లడుగు."