ఓడినవాళ్ల కేకు

హుల్డా అత్త చేసిన కేకు తినాలంటే ముందు ఓడిపోవాలి. ఆవిడ పెట్టిన షరతు అదొక్కటే. పుట్టినరోజని చెప్పినా ఇచ్చేది కాదు, జ్వరమొచ్చి నోరు చేదుగా ఉందన్నా ఇచ్చేది కాదు. చర్చి పాస్టరు గారు వెళ్లి గుమ్మంలో నిలబడినా సరే, "ఏం ఓడారు?" అని అడిగేది. ఏమీ ఓడలేదంటే కాఫీ పోసి పంపేసేది.

అత్త అన్నానని నాకు చుట్టమనుకునేరు. అమెరికాలో అయోవా రాష్ట్రంలో మా బ్రెనర్ ఊరు మొత్తానికి ఆవిడ అత్తే. మా ఊళ్లో చెప్పుకోవడానికి మొక్కజొన్న ఉంది, చలి ఉంది, లిండాల్ కాలేజీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు ఉంది. మొదటి రెండూ పక్క ఊళ్లవాళ్లకీ ఉన్నాయి కాబట్టి మేం ఎప్పుడూ మూడోదాని గురించే చెప్పుకునేవాళ్లం. దగ్గర దగ్గర ముప్ఫై ఏళ్లు మా పిల్లలు సొంత జిమ్ములో ఓడిన పాపాన పోలేదు. వారమంతా పైపులు బాగుచేసుకుంటూ శనివారం మధ్యాహ్నాలు ఆ జిమ్ములో మైకు పట్టుకుని స్కోరు చెప్పేవాణ్ణి నేను. నా పేరు వెర్లిన్. చెప్పడానికి నాకు పెద్ద కష్టమేమీ ఉండేది కాదు, ఎలాగూ మేమే గెలిచేవాళ్లం.

ప్రతి శనివారం హుల్డా అత్త పరాయి జట్టు బెంచీ పక్క సీట్లో, ఒళ్లో గళ్ల గుడ్డ కప్పిన కేకు డబ్బా పెట్టుకుని కూర్చునేది. ఆట అయిపోగానే లేచి నేరుగా ఓడినవాళ్ల దగ్గరికి నడిచేది. మా పిల్లలు పక్కనుంచి "అత్తా, మాకూ!" అని అరిస్తే, "మీకు గెలుపు ఉందిగా, దాన్ని నమలండి" అనేది. ఒకసారి పరాయి కోచ్ ఒకాయన సగం ఆటకే ఆవిడ దగ్గరికొచ్చి, "అమ్మా, మంచు పడేలా ఉంది, బస్సు తొందరగా తీయాలి, ఆ కేకేదో ఇప్పుడే ఇచ్చేయరాదూ?" అని బతిమాలాడు. అప్పటికి ఆయన జట్టు ముప్ఫై పాయింట్లు వెనకబడి ఉంది.

దానివల్ల వచ్చిన చిక్కేమిటంటే, ముప్ఫై ఏళ్లలో ఆ కేకు రుచి చూసినవాడు మా ఊళ్లో ఒక్కడూ లేడు. నాకు అది పెద్ద బెంగ అయిపోయింది. బస్సెక్కుతున్న పరాయి పిల్లల్ని ఆపి అడిగేవాణ్ణి.

"అమ్మాయ్, కేకు ఎలా ఉంది?"

"అదో రకంగా ఉందండీ" అనేది కళ్లు తుడుచుకుంటూ.

ఎవర్ని అడిగినా ఇదే మాట, అవే తడికళ్లు. మా వైపు జనం ఒకరు వండినదాన్ని బాగాలేదని చచ్చినా అనరు. మాడితే "బాగా వేగింది" అంటారు, ఉడక్కపోతే "పళ్లకు మంచిది" అంటారు. ఇక బొత్తిగా మింగుడుపడకపోతేనే "అదో రకంగా ఉంది" అంటారు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. కానీ ఆ తడికళ్లు చూసి, తింటే కన్నీళ్లొచ్చేంత గొప్ప రుచి కాబోలు, మాటలు దొరక్క అలా అంటున్నారని సర్దిచెప్పుకున్నాను.

మా ఆవిడ లోయిస్ మాత్రం, "కొట్లో ఆవిడ బుట్ట ఎప్పుడైనా చూశావా? పిండి ఉంటుంది, వెన్న ఉంటుంది, చక్కెర మాత్రం ఒక్కసారీ కనబడలేదు" అంది. "తేనె వాడుతుందేమోలే" అన్నాను.

ఆశ కొద్దీ ఓ ఏడాది బడి కమిటీ ఎన్నికల్లో నిలబడి ఓడిపోయాను కూడా. ఆ సాయంత్రమే ఎగురుకుంటూ అత్త ఇంటికి పోయాను.

"అత్తా, ఓడిపోయొచ్చాను!"

"ఎవరి చేతిలో?"

"ఎదురు ఎవరూ నిలబడలేదు. ఊళ్లోవాళ్లు ఓటు కాగితాల మీద మా లోయిస్ పేరు రాసి గెలిపించారు."

"ఇంట్లో ఒకరు గెలిచాక అదేం ఓటమిరా? కూర్చో, కాఫీ తాగి పో" అంది.

ఇంతలో రోజులు మారాయి. ఆడపిల్లల ఆట టీవీలో రావడం మొదలైంది. పెద్ద పెద్ద యూనివర్సిటీలవాళ్లు మా వైపు పల్లెల్లోకి కార్లలో వచ్చి, పొడుగ్గా కనబడిన పిల్లనల్లా ఫీజులు మావే అని చెప్పి తీసుకుపోసాగారు. మా లిండాల్‌కి మిగిలినవాళ్లు మంచి పిల్లలే, కాకపోతే బుట్ట వాళ్లకి కొంచెం ఎత్తులో ఉండేది. నలభై పాయింట్లతో గెలిచేవాళ్లం పదితో గెలిచాం, తర్వాత రెండుతో గెలిచాం. మైకులో స్కోరు చెప్పేముందు బోర్డు రెండుసార్లు చూసుకునేవాణ్ణి. బయట మాత్రం అందరం "గెలుపు గెలుపే" అనుకుంటూ ఒకరి మొహం ఒకరు చూడకుండా ఇళ్లకు పోయేవాళ్లం.

ఆ చలికాలం ఓ శుక్రవారం అత్త వంటింట్లో సింకు కింద దూరి పైపు బిగిస్తున్నాను. నిజం చెప్పొద్దూ, పైపు సంగతి ఒక కన్ను చూస్తుంటే రెండో కన్ను చక్కెర డబ్బా కోసం వెతుకుతోంది. చక్కెర అని రాసి ఉన్న డబ్బా దొరికింది. మూత తీస్తే నిండా చొక్కా గుండీలు. అప్పుడే ట్రాక్టర్ల షాపు గేలెన్ వచ్చాడు. జట్టు బాగోగులు చూసే ఊరి కమిటీకి అతనే అధ్యక్షుడు.

"అత్తా, రేపు కేకు తేవద్దు."

"ఎందుకు తేవద్దూ?"

"రేపొచ్చేది వాల్గ్రెన్ కాలేజీ. వాళ్ల కెప్టెన్ నిలబడితే వెనకాల గోడ మీద గడియారం కనబడదట. అంచేత... ఒకవేళ..." గేలెన్ నోట ఆ మాట రాలేదు. పలికి అలవాటు లేని మాట కదా.

"ఓడితే?" అంది అత్త.

"అత్తా!" అని గేలెన్ బూతు విన్నట్టు చెవులు మూసుకున్నాడు.

"ఇన్నేళ్లూ పరాయి పిల్లలు తిన్నారు. మన పిల్లలు తింటే అరగదా ఏం?"

"అది కేకు కాదు, వెక్కిరింపు. మన పిల్లల్ని ఊరందరి ముందూ ఓడినవాళ్లని వేలెత్తి చూపించడం. చెప్తున్నా విను, రేపు డబ్బాతో వచ్చావో, ఆ బెంచీ పక్క సీటు ఇక నీది కాదు."

"సీటు తీసేసుకో నాయనా. నిలబడి పంచుతాను. ఒరే వెర్లిన్, సింకు కింద నిద్రపోయావా?"

మర్నాడు జిమ్ము కిటకిటలాడింది. మా కెప్టెన్ మార్నీ. వాళ్ల అమ్మమ్మ ఇక్కడే ఆడింది, అమ్మ ఇక్కడే ఆడింది, ఇద్దరూ ముందు వరసలో కూర్చున్నారు. ఆట చివర్లో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. మార్నీ బంతి విసిరింది. అది బుట్ట అంచు మీద కూర్చుని, కాసేపు ఆలోచించి, బయటికి పడింది.

అంతే. ఓడిపోయాం. స్కోరు చెప్పాల్సినవాణ్ణి నేనే, కానీ గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు.

ఓడితే ఏం చేయాలో మా పిల్లలకి ఎవరూ నేర్పలేదు. నేర్పడానికి తెలిసినవాళ్లు ఊళ్లో ఉంటేగా. అందరూ బట్టలు మార్చుకునే గదిలోకి పరుగెత్తి లోపల గడియ పెట్టేసుకున్నారు. గెలిచిన వాల్గ్రెన్ పిల్లలు చేతులు కలపడానికి వరసగా నిలబడి అలాగే ఉండిపోయారు. చేయి కలపకుండా పోయిన జట్టు గురించి మా జిల్లాలో మనవల పెళ్లిళ్లలో కూడా చెప్పుకుంటారు. అలా కానీ జరిగితే ముప్ఫై ఏళ్ల పేరూ ఆ ఒక్క సాయంత్రంతో సరి. మా కోచ్ తలుపు బాదుతోంది.

"మార్నీ, బయటికి రండి. వాళ్లు నిలబడి ఉన్నారు."

"నేను రాను కోచ్! ఏడుపు ఆగడంలేదు. అమ్మమ్మ చూస్తుంది, ఊరంతా చూస్తుంది!"

హుల్డా అత్త డబ్బాతో వచ్చింది. గేలెన్ చేతులు చాచి అడ్డంపడ్డాడు. "అత్తా, నీ కాళ్లు పట్టుకుంటా, ఇప్పుడొద్దు."

"కాళ్లెందుకు, ఈ ప్లేట్లు పట్టుకో. అమ్మాయ్ మార్నీ, అత్తని. గడియ తీయి."

గడియ తీసిన చప్పుడైంది. అత్త లోపలికి పోయింది. నేనూ గేలెనూ తలుపుకి చెవులు ఆనించాం.

"నాకొద్దత్తా. నేను ఓడిపోయాను."

"అందుకేగా పెడుతున్నాను. తిను."

ఆ తర్వాత కేకు తిన్న పిల్ల పెట్టిన కేక జిమ్ము చివరి దాకా వినిపించింది.

"అత్తా! చక్కెర వేయడం మర్చిపోయావు!"

"మర్చిపోలేదే. ముప్ఫై ఏళ్లుగా వేయడంలేదు. రూబార్బ్ కాడలు, వాటి మీద రెండు నిమ్మకాయలు."

మా పెరళ్లలో పెరిగే ఆ ఎర్ర రూబార్బ్ కాడల పులుపు ముందు చింతకాయ తియ్యగా ఉంటుంది. లోపల దగ్గులు, తుమ్ములు, మధ్యమధ్య నవ్వులు.

"వినండే" అంది అత్త. "నేను కాలేజీలో ఉండగా ఫైనల్లో ఓడి ఏడిస్తే పేపరువాడు ఫోటో వేశాడు. నా పెళ్లి విందులో కూడా దాన్ని తెచ్చి నవ్వారు. ఓడిన పిల్లకి ఏడుపు రాక మానదు, ఏడవడానికి ఓ సాకు ఉండాలని అప్పుడే అనుకున్నా. ఈ కేకు తిన్నాక కళ్లెంత కారినా ఎవరూ ఏమీ అనరు. అడిగితే హుల్డా అత్త కేకు పుల్లగా ఉందని చెప్పండి. పదండి, పోయి చేతులు కలపండి."

తలుపు తెరుచుకుంది. పిల్లలందరూ చేతుల్లో కేకు ముక్కలతో, ఎర్రటి ముక్కులతో, ధారగా కళ్లు కారుస్తూ, సగం ఏడుస్తూ సగం నవ్వుతూ బయటికొచ్చారు. మార్నీ ముందు నడిచి వాల్గ్రెన్ కెప్టెన్‌కి చేయి చాపింది. "బాగా ఆడారు. ఈ కళ్లు చూసి ఏమీ అనుకోకు, కేకు పుల్లగా ఉంది" అంది.

"తెలుసు" అంది ఆ పొడుగమ్మాయి. "మాకేదీ మరి?"

"మీరు గెలిచారు కదమ్మా" అంది అత్త.

"గెలిస్తే కేకు ఎగ్గొడతారా? మా అమ్మ ఇక్కడ నాలుగుసార్లు ఓడింది. హుల్డా గారి కేకు తినకుండా వస్తే ఇంట్లోకి రానివ్వనంది. ఆ రోజుల్లో అందరి ముందూ తలెత్తుకుని ఏడవగలిగింది ఈ ఒక్క జిమ్ములోనేనట."

మార్నీ తన ముక్క విరిచి సగం ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. రెండు జట్లూ తిన్నాయి, రెండు జట్లూ కళ్లు తుడుచుకున్నాయి, ఎవరు గెలిచారో ఎవరు ఓడారో మైకు పట్టుకున్న నాకే ఆనవాలు దొరకలేదు. జిల్లాలో ప్రతి ఊరికీ తెలిసిన సంగతి మా ఒక్క ఊరికే ఇన్నేళ్లూ తెలియలేదు. గెలుస్తూ కూర్చున్నాం, ఎలా తెలుస్తుంది? నాకు భలే సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువ సంతోషమేసింది.

గేలెన్ ఒక ముక్క తిని గోడవైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత అత్త కుర్చీ మీద పడిన కేకు పొడి తుడిచి, ఆవిడ చేయి పట్టుకుని తెచ్చి అదే సీట్లో కూర్చోబెట్టాడు.

డబ్బాలో ఇంకో ముక్క మిగిలింది. అత్త నావైపు చూసింది.

"వెర్లిన్, నువ్వేం ఓడావురా?"

నోరు తెరిచాను. మాట రాలేదు.

"గొంతు పోయిందా? సరే, అది చాల్లే" అని ముక్క చేతిలో పెట్టింది.

ముప్ఫై ఏళ్లు కాచుకున్న కేకు. నోట్లో పెట్టగానే పులుపు చెవుల దాకా పాకింది, వెంటనే గొంతు తిరిగొచ్చింది.

"ఎలా ఉంది?" అంది అత్త.

"అదో రకంగా ఉందత్తా" అన్నాను కళ్లు తుడుచుకుంటూ. చేతిలోని మైకు ఆపలేదని జిమ్మంతా గొల్లుమన్నాకే తెలిసింది.

ఆ తర్వాత ఇంకా చాలా ఓడాం, ఓడినప్పుడల్లా జట్టుతో పాటు ఊరందరికీ తలో ముక్క దొరికింది. అత్త కాడలు చాలకపోతే గేలెన్ తన ట్రాక్టర్ల షాపు వెనక రూబార్బ్ వేశాడు. ఇప్పుడు కొన్ని గెలుస్తాం, కొన్ని ఓడతాం. గెలిచిన శనివారాల్లో మాత్రం మార్నీ వాళ్ల అమ్మమ్మ కోటు గుండీలు పెట్టుకుంటూ, "ఇవాళా కేకు లేదన్నమాట" అని సణుక్కుంటూ ఇంటికి పోతుంది.