మా అవ్వ ఆపమన్న సినిమా

మా చిన్నప్పుడు హిందూపురంలో రాక్షసబల్లుల సినిమా వచ్చిందంటే చాలు... బడి, జ్వరం, అమ్మ తిట్లు ఏవీ నన్ను ఆపేవి కావు. మాది పెనుకొండ పక్కన పల్లె. చింతపండు అమ్మడానికి నాయన హిందూపురం మార్కెట్టుకు బయలుదేరితే, ఆయనకంటే ముందే పోయి బస్సులో కూర్చునేదాన్ని.

ఏ దేశంలోనో తీసిన పాత చవక సినిమాలవి. ఆదిమానవులు ‘ఊ... ఆ...’ అనడమే తప్ప మాట్లాడరు కాబట్టి డబ్బింగ్ ఖర్చు కూడా లేదు. తెలుగువాళ్లూ కన్నడంవాళ్లూ కలిసి ఈలలు వేసేవాళ్లు. తోలు చుట్టుకున్న హీరోయిన్‌కు వానలో తడిసినా పెదాల రంగు చెరగదు. హీరో మణికట్టు మీద గడియారం తీసిన తెల్లమచ్చ... బల్లి వేషం వేసినవాడు నడిస్తే మోకాళ్ల దగ్గర రబ్బరు ముడతలు... పెనుకొండ గుండ్ల మధ్య పెరిగిన పిల్లలం, బండరాయి మనిషి మీద పడి బంతిలా ఎగిరితే అది ఉత్తుత్తి రాయని మాకు తెలీదా? అయినా పడిచచ్చేవాళ్లం.

ఇంతవరకూ చదివి ‘భలే రోజులు’ అని లైక్ కొట్టి పోయేవాళ్లు పోవచ్చు. నేను ముచ్చట్లు చెప్పడానికి రాలేదు. ఒళ్లు మండి రాస్తున్నాను.

ఒకసారి మాతో అవ్వ కూడా వచ్చింది. మా నాయన వాళ్లమ్మ. కళ్లద్దాలు చేయించుకోవడానికి వచ్చింది. ఆ రోజు చింతపండుకు మంచి ధర పలికింది కాబట్టి నాయన ఉషారుగా ఉన్నాడు. “అమ్మా, నువ్వూ రా మా, సినిమా చూద్దువు” అని మ్యాట్నీకి తీసుకుపోయాడు. అవ్వకు అదే మొదటి సినిమా.

రబ్బరు బల్లిని చూసి అవ్వ కూడా పకపకా నవ్వింది. “లోపల మనిసుండాడు కదే” అని నా తొడ గిల్లింది.

తర్వాత రెండు పెద్ద బల్లులు కొట్లాడే ఘట్టం వచ్చింది. అవి రబ్బరువి కావు. బతికున్న ఉడుము వీపు మీద రెక్కలాంటి అట్ట అతికించి, దాని ముందు ఒక మొసలి పిల్లను వదిలి, దగ్గర నుంచి తీశారు. తెర నిండా పెద్దవిగా కనిపించేసరికి హాలంతా ఈలలు... మొసలి ఉడుము మెడ పట్టుకుని పొర్లుతోంది. ఉడుము నోరు తెరిచి గిలగిలా కొట్టుకుంటోంది.

అవ్వ లేచి నిలబడింది.

“ఆపండప్పా! అది నిజంగానే సస్తాండాది!”

హాలు ఘొల్లుమంది. వెనక నుంచి ఎవడో, “ఏమవ్వా, కొత్త అద్దాలా? అది యాక్టింగ్, కూచో!” అని అరిచాడు.

అవ్వ వాడి వైపు తిరిగింది. “మనిసి యాక్టింగ్ జేస్తాడు. ఉడుము జేస్తాదా?”

దానికి ఇంకా నవ్వారు. అంతమందిలో ఒక్కరికి కూడా ఆ మాట చెవికెక్కలేదు... నాయన తల దించుకుని, “కూచో మా, పరువు పోతాండాది” అని చెయ్యి పట్టి లాగాడు. అవ్వ చెయ్యి విడిపించుకుని బయటికి నడిచింది. నేనూ వెంట పోవాల్సి వచ్చింది. సినిమా పోయిందని నాకు ఏడుపు, అవ్వ మీద కోపం.

బయట గేటు దగ్గర టికెట్లు చించే అతన్ని పట్టుకుని, సినిమా ఆపమని అడిగింది. అతను కూడా నవ్వాడు.

“యాడో ఫారిన్లో తీసింది అవ్వా. ఆ ఉడుము ఎప్పుడో సచ్చిపోయింటాది. ఈడ ఆపితే బతుకుతాదా?”

అవ్వ అంది, “బతకదులేప్పా. నవ్వకుండానన్నా ఉండొచ్చు గదా.”

సినిమా వదిలేదాకా మెట్ల మీదే కూర్చుంది.

మేము ఊరికి చేరేలోపే ఆ కథ చేరిపోయింది. ‘ఉడుమవ్వ’ అని పేరు పెట్టారు. కోడళ్లు చాటుగా, పిల్లలు మొహం మీదే. పెళ్లికి పోతే అక్కడ కూడా అదే పేరు. అవ్వ పెళ్లిళ్లకు పోవడం మానేసింది, హిందూపురం వైపు మళ్లీ తొక్కి చూడలేదు. చివరికి ఆమె దినం భోజనాల్లో కూడా ఒకావిడ “పాపం, ఉడుమవ్వ” అని విస్తరి ముందు కిసుక్కున నవ్వింది. ఆ మొహం నేను ఇప్పటికీ మరవలేదు, క్షమించలేదు.

మొన్న ధర్మవరంలో పట్టుచీరల అంగడి నడిపే మా చిన్నాయన కొడుకు, ఆ సినిమా ముక్కను ఎక్కడో పట్టి మా ఇంటివాళ్ల గ్రూపులో పెట్టాడు. ‘మన ఉడుమవ్వ సూపర్ హిట్’ అని పైన రాశాడు. కింద వరసగా నవ్వే బొమ్మలు... అవ్వ చేతి ముద్దలు తిన్నవాళ్లే అందరూ.

నేను ఆ ముక్కను నిలిపి నిలిపి చూశాను. అట్ట ఊడిన చోట ఉడుము వీపు మీద చర్మం లేదు. పచ్చి పుండు. అది తెర అవతలికి పారిపోవాలని చూస్తుంటే, ఎవరిదో చెయ్యి ఒక్క క్షణం కనబడి లోపలికి తోసింది. అదే ఫోటో తీసి గ్రూపులో పెట్టి, ‘అవ్వ చెప్పింది నిజం, చూడండి’ అని రాశాను.

‘అక్కా, నువ్వు కూడా మొదలుపెట్టినావా!’ అన్నాడు వాడు. మళ్లీ నవ్వే బొమ్మలు.

ఇప్పుడు అన్నీ కంప్యూటర్లోనే చేస్తున్నారు, ఏ జీవికీ దెబ్బ తగలదంటున్నారు... సంతోషం. మనుషులే మారలేదు. ఆ రోజు సినిమా ఆపడం అవ్వ చేతిలో లేదు, టికెట్లు చించే అతన్ని బతిమాలుకుంది. ఇప్పుడు ప్రతివాడి చేతిలోనూ ఉంది, ఒక్క వేలు ఆనిస్తే చాలు. అయినా చివరిదాకా చూసి, నవ్వి, ఇంకొకరికి పంపుతున్నారు.

మీ ఇళ్లలోనూ నలుగురిలో లేచి నిలబడి, బతికినన్నాళ్లూ ఎగతాళి పాలైనవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల గురించి కింద రాయండి... ఊరు పెట్టిన పేరు వద్దు, కన్నవాళ్లు పెట్టిన పేరు రాయండి.

మా అవ్వ పేరు ఓబులమ్మ.